లెటెరా 32, ఒలింపియా ఎస్‌ఎం3: పోల్చే ముందు సరిచేయాల్సినవి

మీ దగ్గర రెండు పోర్టబుల్ టైపు మిషన్లున్నాయి. ఒకటి నాన్నగారు వాడిన ఒలివెట్టి లెటెరా 32. రెండోది ఈమధ్య పాత సామాన్ల సంతలో మీరు కొన్న ఒలింపియా ఎస్‌ఎం3. లెటెరాలో అక్షరం మీద అక్షరం పడుతోందని, అప్పుడప్పుడు అక్కర్లేని ఖాళీ కూడా వస్తోందని రాశారు. ఒలింపియాలో క్యాపిటల్ అక్షరాలు వరుసలో నిలవకుండా పైకి తేలుతున్నాయన్నారు. రెండిట్లో ఏది ఉంచుకోవాలి, స్క్రూలు తిప్పితే సరవుతాయా, లెటెరాలో తెలుగు అక్షరాలు వేయించుకోవచ్చా అని అడిగారు. అన్నిటికీ సమాధానం రాస్తాను. కాస్త పెద్దదే అవుతుంది.

అన్నిటికన్నా ముందు ఒక మాట. ఇప్పుడున్న స్థితిలో ఆ రెంటినీ పోల్చకండి. అరవై ఏళ్ల మిషన్ మీద వేళ్లు పెట్టగానే మనకు తెలిసేది దాని డిజైన్ కాదు. లోపల పేరుకున్న దుమ్ము, ఎండి జిగురైన ఆయిల్, గట్టిపడ్డ రబ్బరు, ఇవే వేళ్లకు తెలుస్తాయి. లెటెరా కీలు బరువని ఒకరు, ఒలింపియా షిఫ్ట్ లేవదని ఒకరు చెబుతుంటారు. నేను చూసినంతలో అలాంటి మాటల్లో చాలావరకు మురికిని చూసి మిషన్ మీద చెప్పిన తీర్పులే. రెంటినీ శుభ్రం చేసి, సర్దుబాట్లు ఒక వరుసలో చేసి, ఒకే రిబ్బన్‌తో ఒకే రకం కాగితం మీద కొట్టి చూడండి. అప్పుడు తెలిసే తేడాయే అసలు తేడా.

ఆ తేడా ఎక్కడుందో ముందుగా కొంచెం చెబుతాను. లెటెరా 32 వచ్చింది 1963లో. దానికి ముందు 1950లో వచ్చిన లెటెరా 22కి ఇది తమ్ముడు. ఆ 22ని మార్చెల్లో నిజ్జోలి డిజైన్ చేస్తే, లోపలి యంత్రం జుసెప్పే బెచ్చో చూశాడు. 1954లో ఇటలీ డిజైన్ బహుమతి కొంపాసో దోరో దానికే వచ్చింది. 1959లో ఇల్లినాయి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వాళ్లు అంతకుముందు వందేళ్లలో వచ్చిన వస్తువుల్లో ఉత్తమ డిజైన్‌గా దాన్నే ఎంచారు. అంత పేరు ఊరికే రాలేదు. ఒక చేత్తో పట్టుకుని బస్సెక్కగలిగేంత చిన్న పెట్టెలో పూర్తి స్థాయి మిషన్‌ని ఇమిడ్చారు. 32లోనూ ఆ పొందికే కొనసాగింది. 1969లో వచ్చిన ఒలివెట్టి వాళ్ల ఎర్ర వాలెంటైన్ మిషన్ లోపల ఉన్నది కూడా దాదాపు ఈ యంత్రమే. అందుకే వాలెంటైన్‌ని పెద్ద ధర పెట్టి కొని, అది లెటెరా కన్నా బాగా కొడుతుందని ఆశపడటంలో అర్థం లేదు.

ఒలింపియాది వేరే దారి. జర్మనీలోని ఎర్ఫుర్ట్‌లో ఉన్న ఒలింపియా ఫ్యాక్టరీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తూర్పు వైపు ఉండిపోయింది, తర్వాత ఆప్టిమా పేరుతో నడిచింది. పశ్చిమాన విల్‌హెల్మ్స్‌హాఫెన్‌లో మళ్లీ మొదలుపెట్టినవాళ్లు ఒలింపియా పేరు నిలుపుకున్నారు. మీ ఎస్‌ఎం3 అక్కడిది, 1950ల నాటిది. మోయడానికి తేలిక కావాలని చేసింది కాదు అది. ఆఫీసు మిషన్ ఎంత గట్టిగా, ఎంత స్పష్టంగా కొడుతుందో అంతగా ఇంట్లో బల్ల మీద కొట్టాలని చేశారు. పేరుకు పోర్టబుల్ అన్నమాటే గానీ పెట్టెతో సహా మూడంతస్తులు ఎక్కితే చెయ్యి లాగేస్తుంది.

ఈ రెంటి మధ్య అసలైన తేడా షిఫ్ట్ దగ్గరుంది. కీ నొక్కితే లేచి అక్షరాన్ని కాగితం మీద కొట్టే కడ్డీలు టైపు బార్లు. లెటెరాలో షిఫ్ట్ నొక్కితే ఆ బార్లున్న దిమ్మె, అంటే సెగ్మెంట్, కిందికి దిగుతుంది. కాగితాన్ని పట్టుకుని పక్కకు జరిగే పై భాగం, అంటే క్యారేజీ, కదలదు. ఎస్‌ఎం3లో సెగ్మెంట్ స్థిరంగా ఉంటుంది, రోలర్‌తో సహా క్యారేజీ పైకి లేస్తుంది. స్ప్రింగులు సాయం చేస్తాయి గానీ లేపాల్సిన బరువు చిటికెన వేలికి తెలుస్తూనే ఉంటుంది. మీరు కొట్టేది ఇంగ్లీషు, మాటిమాటికీ పేర్లు, క్యాపిటల్స్ వస్తాయంటే సెగ్మెంట్ షిఫ్ట్ సుఖం. తర్వాతి కాలంలో ఒలింపియా వాళ్లే ఎస్‌ఎం9కి వచ్చేసరికి సెగ్మెంట్ షిఫ్ట్ పెట్టారు. స్విట్జర్లాండ్ హెర్మిస్ 3000, అమెరికా స్మిత్ కరోనా వాళ్ల ఫ్లోటింగ్ షిఫ్ట్ మిషన్లు కూడా ఈ రకమే. చిన్న హెర్మిస్ బేబీ మాత్రం క్యారేజీ షిఫ్ట్.

ఇక పని. స్క్రూడ్రైవర్ ఇంకా తీయకండి. మీది కాదు గానీ, చెడిపోయిందని నా దగ్గరికి తెచ్చిన కొన్ని మిషన్లలో క్యారేజీ లాక్ వేసి ఉంది, అంతే. అక్షరాలు అసలు పడట్లేదన్న మిషన్లలో రిబ్బన్ రంగు మీట స్టెన్సిల్ గుర్తు దగ్గరుంది. అక్కడుంటే రిబ్బన్ పైకి లేవదు. ఎస్‌ఎం3లో కీల బరువు పెంచి తగ్గించే టచ్ మీట ఉంటుంది, దాన్ని మధ్యలో పెట్టండి. పోల్చడం అయ్యేదాకా అక్కడినుంచి కదపకండి.

శుభ్రం చేయడం మొత్తం పనిలో సగానికి పైనే. ముందు పొడి పని చేయండి: మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి, గాలి పంపుతో ఊదండి. టైపు బార్ల కింద రబ్బరు పొడి ముద్దలు ముద్దలుగా కనిపిస్తుంది. అది ఏళ్ల తరబడి తప్పులు చెరిపినప్పుడు రాలిన ఎరేజర్. ఇన్‌స్టిట్యూట్లలో చెరిపే ముందు క్యారేజీని పక్కకు జరపమని చెప్పేది ఇందుకే. తర్వాత సెగ్మెంట్. టైపు బార్లు దూరిన ఆ సన్నటి గాడుల్లోకి పాత టూత్‌బ్రష్‌తో వైట్ పెట్రోల్ (మరకలు తీయడానికి వాడే శుద్ధి చేసిన పెట్రోల్) పట్టించి, ఒక్కో కీని పదేపదే ఆడించండి. నల్లటి ద్రవం కారుతుంది, పాత గుడ్డతో అద్దండి. కారేది లోపలికి కాకుండా బయటికి పోయేలా మిషన్‌ని వంచి పెట్టండి. ఈ పని ఇంటి బయట, నీడలో, దరిదాపుల్లో నిప్పు లేని చోట, చేతులకు గ్లవ్స్ వేసుకునే చేయాలి. రోలర్ రబ్బరు మీదా, కీల ప్లాస్టిక్ మీదా, పెయింట్ మీదా ఒక్క చుక్క పడనివ్వకండి. బాడీకి సబ్బు నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డ చాలు.

కిరసనాయిలు వద్దు. పాత మెకానిక్‌లు చాలామంది అదే వాడేవారు, ఆ రోజుకి మిషన్ జారుడుబండలా కూడా నడుస్తుంది. కానీ అది ఆరాక పల్చటి నూనె పొర మిగులుతుంది, దానికి దుమ్ము అంటుకుని కొన్నాళ్లకే మళ్లీ కీలు అతుక్కుంటాయి. తుప్పు వదిలించే స్ప్రేలు కూడా ఈ పనికి రావు, కారణం అదే. సెగ్మెంట్‌లో ఏ నూనె వేయకూడదు. అది పొడిగా ఉండాలనే చేశారు. క్యారేజీ పట్టాల మీద మాత్రం, పాత గ్రీజు పూర్తిగా తుడిచాక, కుట్టుమిషన్ ఆయిల్ గుడ్డకు అద్దుకుని పూసీ పూయనట్టు రాయండి. ఈ ఒక్క విషయంలో నేను పట్టుదలగా ఉంటాను. ఎందుకంటే అటక మీద నలభై ఏళ్లున్నా చెడని మిషన్, మంచి ఉద్దేశంతో ఎవరో పోసిన ఆయిల్‌తో బిగుసుకుపోవడం చాలాసార్లు చూశాను.

ఇప్పుడు ఎస్‌ఎం3లో క్యాపిటల్స్ తేలడం సంగతి. టైపు ముక్క మీద చిన్నక్షరం కింద, పెద్దక్షరం పైన ఉంటాయి. షిఫ్ట్ నొక్కినప్పుడు క్యారేజీ ఆ రెంటి మధ్య దూరమంత పైకి లేస్తేనే పెద్దక్షరం వరుసలో కూర్చుంటుంది. తక్కువ లేస్తే పెద్దక్షరం పైకి తేలుతుంది, ఎక్కువ లేస్తే కిందికి దిగుతుంది. కాబట్టి మీ మిషన్‌లో క్యారేజీ చాలినంత లేవడం లేదన్నా అయ్యుండాలి, కింద చాలినంత దిగడం లేదన్నా అయ్యుండాలి. ఏదో తేల్చుకోవడం తేలికే. షిఫ్ట్ లాక్ వేసి పెద్ద హెచ్ నాలుగు కొట్టండి, లాక్ తీసి చిన్న ఎన్ నాలుగు కొట్టండి. తర్వాత షిఫ్ట్‌ని వేలితో పట్టుకుని ఒక హెచ్, వదిలి ఒక ఎన్, ఇలా మార్చి మార్చి ఒక వరుస కొట్టండి. లాక్‌తో సరిగ్గా ఉండి వేలితో నొక్కినప్పుడే తేలితే మిషన్‌లో లోపం లేదు, షిఫ్ట్ పూర్తిగా కిందికి పోవడం లేదు. హెచ్ తర్వాత వచ్చే మొదటి ఎన్ మాత్రమే కిందికి దిగి, తర్వాతి ఎన్‌లు సరిగా ఉంటే, క్యారేజీ తిరిగి దిగడంలో బద్ధకం ఉందన్నమాట, అది మురికి. అన్ని హెచ్‌లూ ఒకే కొలతలో తేలితేనే అది స్టాప్ స్క్రూల పని, అంటే క్యారేజీ పైనా కిందా ఎక్కడ ఆగాలో నిర్ణయించే స్క్రూల పని.

స్క్రూల దాకా వెళ్లే ముందు ఎస్‌ఎం3లో ఇంకొకటి చూడాలి. బాడీకీ లోపలి యంత్రానికీ మధ్య రబ్బరు బుష్‌లు ఉంటాయి. ఈ వయసుకి అవి దాదాపు అన్ని ఎస్‌ఎం మిషన్లలోనూ నలిగి చదునైపోయి ఉంటాయి. అప్పుడు యంత్రం బాడీలోకి కుంగి, ఎక్కడో ఒకచోట రాసుకుంటుంది. అలా కుంగినప్పుడు షిఫ్ట్ మీట పూర్తిగా దిగకముందే దేనికో తగిలి ఆగిపోవచ్చు. యంత్రాన్ని బాడీలోంచి బయటికి తీసి, ఒక చెక్క మీద సమంగా ఆనించి, అదే హెచ్, ఎన్ పరీక్ష చేయండి. బయట సరిగా పడుతుంటే స్క్రూల జోలికి వెళ్లే పనే లేదు, బుష్‌లు మార్చితే చాలు. అసలు కొలత బుష్‌లు దొరక్కపోతే, గట్టి రబ్బరు గొట్టం సమానమైన ముక్కలుగా కోసి వాడుకోవచ్చు. అన్నీ ఒకే ఎత్తు ఉండాలి. హెర్మిస్ 3000లో కూడా ఇదే జబ్బు వస్తుంది, ఆ మిషన్ ఎప్పుడైనా కొంటే గుర్తుంచుకోండి.

అప్పటికీ తేలుతుంటే సర్దుబాట్లు. వీటికి ఒక వరుస ఉంది, దాన్ని తప్పకూడదు. ముందుది మారితే తర్వాతవి కూడా కదులుతాయి కాబట్టి.

మొదట రోలర్‌కీ టైపుకీ మధ్య దూరం. టైపు బారు పైకి వచ్చి, రోలర్‌ని తాకే ముందే సెగ్మెంట్ మీదున్న ఒక అంచుకి తగిలి ఆగుతుంది. అక్కడి నుంచి అక్షరం కాగితాన్ని తాకేది తన ఊపుతోనే. ఒక కాగితం ఎక్కించి, ఒక టైపు బారుని వేలితో ఆ అంచుకి ఆనించి పట్టుకోండి. కాగితం హాయిగా జారాలి. రెండు కాగితాలు పెడితే కొంచెం పట్టుకున్నట్టు ఉండాలి. ఒక్క కాగితమే బిగుసుకుపోతుంటే రోలర్ మరీ దగ్గరుంది: అక్షరాలకు నీడ పడుతుంది, కాగితం వెనక గుంటలు పడతాయి. రెండు కాగితాలూ అసలు తగలకుండా జారుతుంటే దూరముంది: ముద్ర పాలిపోతుంది, మీరు గట్టిగా కొట్టడం మొదలుపెడతారు, కీలు బరువనే మాట అక్కడే పుడుతుంది. ఎడమ చివర, మధ్య, కుడి చివర మూడు చోట్లా చూడండి. క్యారేజీ రెండు చివర్లా తేడా ఉంటే దాన్ని మెకానిక్‌కి వదిలేయండి, ఆ పనికి ఓపికా అనుభవమూ రెండూ కావాలి.

రెండోది చిన్నక్షరాల నిలకడ. చిన్న ఎన్‌లు, ఓలు ఒక వరుస కొట్టి భూతద్దంతో చూడండి. అక్షరం తల, పాదం సమానంగా నల్లగా ఉండాలి. తల పాలిపోయినా, పాదం పాలిపోయినా, క్యారేజీ కింద ఆనే చోటు తప్పింది. ఆ చోట రెండు వైపులా చిన్న స్క్రూలు, వాటిని బిగించే లాక్ నట్‌లు ఉంటాయి. నట్ వదులు చేసి, స్క్రూని ఎనిమిదో వంతు తిప్పి, మళ్లీ కొట్టి చూడండి. రెండు వైపులా ఒకే కొలత తిప్పాలి, లేకపోతే వరుస ఏటవాలు అవుతుంది. మొదలుపెట్టే ముందు ప్రతి స్క్రూ తల మీద ఉన్న గాడి ఏ దిక్కున ఉందో ఫోటో తీసుకోండి.

చిన్నక్షరాలు కుదిరాకే పెద్దక్షరాలు. ఇప్పుడు పైన ఆనే స్టాప్ స్క్రూలు సర్దాలి. హెచ్ పాదాలూ ఎన్ పాదాలూ ఒకే గీత మీదకి వచ్చేదాకా కొద్దికొద్దిగా మార్చండి. చాలామంది పెద్దక్షరం తేలుతోందని ముందుగా పై స్క్రూనే తిప్పుతారు. తర్వాత కింది స్టాప్ తప్పని తెలిసి దాన్ని సర్దితే, పైది మళ్లీ చెడుతుంది. లెటెరాలోనూ సూత్రం ఇదే. అక్కడ క్యారేజీకి బదులు సెగ్మెంట్‌కి స్టాప్‌లు ఉంటాయి.

ఒక్క అక్షరమే వంకరగా ఉంటే, అంటే ఒక్క ‘ఈ’ (e) అక్షరం మాత్రం పక్కకు ఒరిగితే, అది స్టాప్‌ల సమస్య కాదు, ఆ టైపు బారు వంగింది. దాన్ని సరిచేయడానికి ప్రత్యేకమైన పట్టకారులుంటాయి. మామూలు కటింగ్ ప్లేయర్‌తో వంచబోతే అతుకు ఊడి టైపు ముక్క చేతికొస్తుంది.

ఇప్పుడు మీ లెటెరా. అక్షరం మీద అక్షరం పడటం, ఖాళీ ఎక్కువ రావడం, ఈ రెండూ క్యారేజీని ఒక్కో అడుగూ వదిలే ఎస్కేప్‌మెంట్ చుట్టూ తిరిగే జబ్బులు. క్యారేజీని మెయిన్ స్ప్రింగ్ ఎప్పుడూ ఎడమకు లాగుతుంటుంది. పళ్ల చక్రంలో దూరిన రెండు నాలుకలు దాన్ని ఆపుతుంటాయి. కీ నొక్కినప్పుడు ఒక నాలుక తప్పుకుని రెండోది పట్టుకుంటుంది, కీ వదలగానే మొదటిది తర్వాతి పన్నులోకి దూకి క్యారేజీని ఒక అక్షరం మేర వదులుతుంది. అంటే కదలిక పూర్తయ్యేది కీ తిరిగి వచ్చాకే. టైపు బారు గాడిలో బద్ధకంగా వెనక్కి వస్తే ఆ కదలిక ఆలస్యమవుతుంది, తర్వాతి అక్షరం పాతదాని మీదే పడుతుంది. మీ సమస్యకి నా మొదటి అనుమానం ఇదే, కాబట్టి శుభ్రం చేసి చూడకుండా ఏదీ తిప్పకండి.

శుభ్రం చేశాక కూడా అలాగే ఉంటే ఈ పరీక్ష చేయండి. స్పేస్ బార్‌ని వీలైనంత వేగంగా వరుసగా కొట్టండి. క్యారేజీ అప్పుడు కూడా తడబడితే లోపం పట్టాల్లోనో మెయిన్ స్ప్రింగ్‌లోనో ఉంది. స్పేస్ బార్‌తో చక్కగా కదిలి అక్షరాలతోనే తడబడితే, క్యారేజీని వదిలే సమయం తప్పింది. ఆ సమయాన్ని చూడటం ఇలా: ఒక కీని చాలా నెమ్మదిగా నొక్కుతూ టైపు కాగితానికి ఎంత దూరంలో ఉండగా ఎస్కేప్‌మెంట్ టిక్ మంటుందో గమనించండి. కొన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉండగా మోగాలి. కాగితాన్ని తాకినా మోగకపోతే ఆలస్యం, అక్షరాలు మీద మీద పడతాయి. సగం దూరంలోనే మోగితే తొందర, నీడలూ ఖాళీలూ వస్తాయి. ఎడమ చివరి కీ, మధ్య కీ, కుడి చివరి కీ మూడూ చూడండి. మూడూ ఒకేలా లేకపోతే టైపు బార్లన్నిటి వెనక ఉండే పట్టీ ఒక పక్కకు ఒరిగింది. దాన్ని ఇంట్లో సరిచేయవద్దని నా సలహా. అక్కడ ఒక వెంట్రుకవాసి తేడా మిషన్ మొత్తాన్ని పాడుచేస్తుంది.

మెయిన్ స్ప్రింగ్ బలం క్యారేజీ కుడి చివరన, అంటే వరుస మొదట్లో, ఎక్కువగా ఉంటుంది. వరుస చివరికి వచ్చేసరికి తగ్గుతుంది. అందుకని వరుస చివరి నాలుగైదు అక్షరాల దగ్గర స్పేస్ బార్ కొట్టి చూడండి. అక్కడ చురుగ్గా కదిలితే చాలు, అంతకు మించిన బలం అక్కర్లేదు. చాలకపోతే వెనక ఎడమ వైపు ఆ స్ప్రింగ్ ఉండే డ్రమ్‌ని అర చుట్టు బిగించండి, మళ్లీ చూడండి. మరీ బిగిస్తే కొత్తగా ఖాళీలు మొదలవుతాయి, క్యారేజీని కుడికి నెట్టడం బరువవుతుంది. మీ లెటెరాలో రెండు లక్షణాలూ ఉన్నాయంటే, లోపలి మురికి తీయకుండా ఎవరో స్ప్రింగ్‌నే బిగించి ఉండొచ్చు. శుభ్రం అయ్యాక కొంచెం వదులు చేసి చూడటం మంచిది. ఒక జాగ్రత్త: డ్రమ్ తాడుని విప్పాల్సి వస్తే డ్రమ్‌ని వేలితో గట్టిగా పట్టుకునే విప్పండి. వదిలేస్తే ఒక్క క్షణంలో స్ప్రింగ్ మొత్తం తిరిగిపోతుంది, వేలు తెగే ప్రమాదమూ ఉంది.

రోలర్ సంగతి చాలామంది మరిచిపోతారు. గోటితో నొక్కితే కొంచెమైనా లోపలికి పోవాలి. ఎస్‌ఎం3 వయసుకి అది చెక్కలా గట్టిపడి ఉంటుంది. గట్టి రోలర్ మీద చప్పుడు ఎక్కువ, ఫుల్‌స్టాప్ కాగితానికి రంధ్రం చేస్తుంది, కాగితం జారి వరుసలు వంకరపోతాయి. వెంటనే చేయగలిగింది, టైపు చేసే కాగితం వెనక ఒక మందపాటి కాగితం పెట్టడం. శాశ్వతంగా కావాలంటే ప్రింటింగ్ ప్రెస్ రోలర్లకు రబ్బరు వేసేవాళ్లని అడగండి. బయటి వ్యాసం పాతదానితో అచ్చంగా సరిపోవాలి. తేడా వస్తే ఇందాక చెప్పిన దూరం సర్దుబాటు మొత్తం మళ్లీ మొదలు. సన్నటి గరుకు కాగితంతో రుద్దితే పట్టు కొంత తిరిగొస్తుంది గానీ, ఎక్కువ రుద్దినా వ్యాసం తగ్గిపోతుంది. వాడనప్పుడు కాగితం వదిలే మీటని తెరిచి ఉంచండి, కింది చిన్న రోలర్లు ఒకే చోట నలిగి చదును కాకుండా ఉంటాయి.

రిబ్బన్ అర అంగుళం వెడల్పుది దొరికితే చాలు, ఏ కంపెనీ మిషన్‌దైనా ఫరవాలేదు. కానీ చక్రాలు మార్చకండి. కొత్త రిబ్బన్‌ని మీ పాత చక్రాల మీదికి చుట్టుకోండి. రిబ్బన్ చివర చిన్న లోహపు రివెట్ ఉందో లేదో చూసుకోండి. లెటెరాలో అది మీటని లాగితేనే రిబ్బన్ దిశ మారుతుంది. రివెట్ లేని రిబ్బన్ చివరికొచ్చి ఆగిపోతుంది, అక్షరాలు ఒకే చోట పడి బట్ట చిరుగుతుంది.

ఇవన్నీ అయ్యాక పోల్చండి. ఒకే రిబ్బన్, ఒకే కాగితం, వెనక ఒకే మందపాటి కాగితం. మీరు టైపు హయ్యర్ పాసయ్యారు కాబట్టి నిమిషానికి 45 పదాల వేగం మీ చేతిలో ఉంది. పదానికి ఐదు దెబ్బల లెక్కన సెకనుకు దాదాపు నాలుగు దెబ్బలు. ఆ వేగంతో అరపేజీ కొట్టి అక్షరాలు ఎక్కడ తప్పాయో గుర్తుపెట్టండి. ఇంకో అరపేజీ పేర్లు, అడ్రసులు, క్యాపిటల్స్ ఎక్కువున్నది కొట్టండి. మీరు ఇన్‌స్టిట్యూట్‌లో పెద్ద మిషన్ మీద నేర్చుకున్నారు. ఆ అలవాటుతో కీని చివరిదాకా నొక్కి పట్టే ధోరణి ఉంటుంది. పోర్టబుల్ మీద దెబ్బ చిన్నగా, చురుగ్గా ఉండి వేలు వెంటనే లేవాలి. లెటెరా ఈ విషయంలో మరీ పట్టింపు మనిషి. కొన్ని రోజులు వాడాక గానీ చేతికి రాదు, కాబట్టి మొదటి సాయంత్రమే తేల్చేయకండి.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతాను. రెండూ సరిగా ఉన్నప్పుడు ముద్ర స్పష్టతలో ఎస్‌ఎం3 గెలుస్తుంది. అక్షరాలు వరుసలో నిలబడే తీరు, దెబ్బ పడినప్పుడు మిషన్ కదలకుండా ఉండటం, ఈ రెండింట్లో లెటెరా దానికి సాటి రాదు. ఎక్కువ పేజీలు, ఒకే బల్ల దగ్గర, కథలో వ్యాసాలో రాసేవాళ్లకి నేను ఎస్‌ఎం3నే ఇస్తాను. షిఫ్ట్ చురుకులో, బరువులో, చోటు తక్కువ తీసుకోవడంలో లెటెరా ముందుంటుంది. ఉత్తరాలు, కవర్ల మీద అడ్రసులు, ఊరు వెళ్లినప్పుడు వెంట తీసుకెళ్లడం, వీటికి అంతకన్నా మంచిది నేను వాడలేదు. ఒక్కటే ఉంచుకోవాల్సి వస్తే మాత్రం లెటెరా ఉంచుకోండి. నాన్నగారిదనే కాదు. దాని చరిత్ర మీకు తెలుసు, ఎవరు వాడారో, ఎక్కడ పెట్టారో తెలుసు. పైగా ఎస్‌ఎం3కి ముందు బుష్‌లూ రోలర్ ఖర్చూ ఉంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఉంటే ఏదైనా సరే పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, నెలకోసారి తీసి నాలుగు వరుసలు కొడుతుండండి.

చివరిగా తెలుగు అక్షరాల ప్రశ్న. లెటెరాలో వేయించాలనుకోవద్దు. టైపు ముక్కలు బార్లకి అతికి ఉంటాయి, వాటిని ఒక్కొక్కటీ తీసి కొత్తవి వరుసకి సరిగ్గా అతికించడమే పెద్ద పని. అది చేసినా సరిపోదు. నలభై పైచిలుకు కీలు, ఒక్కోదానికి రెండు గుర్తుల చొప్పున తొంభై లోపే అవుతాయి. అందులో తెలుగు అంతా ఇమడాలంటే తలకట్లు, గుణింతపు గుర్తులు, ఒత్తులు విడివిడిగా కొట్టి అక్షరాన్ని కూర్చుకోవాలి. పైనా కిందా పడే గుర్తులు కొట్టినప్పుడు క్యారేజీ కదలకూడదు. అలాంటి కదలని కీలకు ఎస్కేప్‌మెంట్‌ని తాకకుండా ఉండే టైపు బార్లు కావాలి, అంటే లోపలి ఏర్పాటే వేరు. తెలుగు మిషన్ కావాలంటే తెలుగు కోసమే తయారైన పెద్ద ఆఫీసు మిషన్ వెతకండి. పాత టైపు ఇన్‌స్టిట్యూట్లు మూసేసేటప్పుడు అవి బయటికి వస్తుంటాయి. కొనే ముందు ఆ కదలని కీలన్నీ ఒక్కొక్కటే నొక్కి చూడండి. ఏ ఒక్కటి నొక్కినా క్యారేజీ జరిగితే, ఆ ఖర్చు తీసేసి ధర మాట్లాడండి.